సద్ది ఎవరు కట్టారు?

మొన్న వేసవిలో మా ఆఫీసు స్నేహితులం ఆరుగురం బెంగళూరు నుంచి ఒక చిన్న ప్రయాణం పెట్టుకున్నాం. శుక్రవారం రాత్రికి నెల్లూరు జిల్లా చేజర్లలో మా అవ్వ ఇంటికి చేరాలి. శనివారం పెంచలకోన. ఆదివారం సోమశిల. కార్ల సంగతి ఒకరు చూస్తామన్నారు, దారి సంగతి ఇంకొకరు. "మీ ఊరివైపే కదా, తిండి నువ్వు చూడు" అని అది నా మీద వేశారు.

మనందరం చేసే పనే నేనూ చేశాను. ఫోన్‌లో వెతికాను. ముందురోజే చేసి పెట్టుకోగలిగే సులువైన వేసవి వంటలు అని కొడితే పాస్తా సలాడ్లు, శాండ్‌విచ్‌లు, చల్లటి నూడుల్స్ వచ్చాయి. అన్నిటికీ ఫ్రిజ్ కావాలి, లేదంటే ఐసు పెట్టె కావాలి. మే నెలలో మా వైపు బండరాయి మీద ఓ గంట పెడితే చాలు, ఏవీ మిగలవు.

చివరికి అవ్వకే ఫోన్ చేశాను.

"అవ్వా, ముందే చేసి పెట్టుకొని తీసుకుపోయే సులువైన వంటలేమన్నా చెప్పు. ఎండకి పాడు కాకూడదు."

"ఎంతమంది?"

"ఆరుగురం."

"ఆరుమందికి ఇంత ఆలోచన ఏందే పాపా? సద్ది కట్టుకొని పోతే సరిపోదా?" అంది. కాసేపాగి మళ్లీ తనే అంది. "సులువంటుండావే... ఎవురికి సులువు?"

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. పులిహోర, దద్దోజనం, ఊరగాయ, చల్లటి అంబలి: ఎండాకాలం ప్రయాణానికి మనం సులువనుకునే ఈ తిండి వెనక ఒక పొడవాటి చరిత్ర ఉంది. దాని గురించి చదువుతూ, అవ్వని అడుగుతూ పోతే నాకు తెలిసింది ఏమిటంటే, అది వంటల చరిత్ర కంటే ఎక్కువగా వేళల చరిత్ర. ఎవరు ముందు నిద్ర లేచారు, ఎవరు మధ్యాహ్నం తిన్నారు, ఎవరి పక్కన కూర్చుని తిన్నారు అన్న చరిత్ర.

*

చేజర్ల అనగానే చరిత్ర చదివినవాళ్లకి పల్నాడులో కపోతేశ్వరాలయం ఉన్న చేజర్ల గుర్తొస్తుంది. మాది అది కాదు. మాది ఆత్మకూరు పక్కన ఉన్న చేజర్ల. పడమటికి పోయేకొద్దీ వెలిగొండలు, వాయవ్యంగా ఉదయగిరి దుర్గం. నెల్లూరు అంటే వరి, మొలగొలుకుల బియ్యం అని ప్రపంచానికి పేరు. మా పడమటి మెట్టలో మాత్రం చెరువు నిండిన ఏడు ఒక తిండి, నిండని ఏడు ఇంకో తిండి.

సద్ది అన్నా, చద్ది అన్నా, పాత పుస్తకాల్లో చల్ది, చలిది అన్నా ఒకటే. చల్లబడిన అన్నం. మాటలోనే చలి ఉంది. పెద్దల మాట చద్దిమూట అని సామెత చెప్పుకునేటప్పుడు మనం పెద్దల మాట గురించే ఆలోచిస్తాం, మూట గురించి ఆలోచించం. ఆ మూటలో రెండు రకాల తిండి ఉండొచ్చు. ఒకటి రాత్రి మిగిలింది. రెండోది తెల్లవారుజామున ప్రత్యేకంగా వండి, చల్లార్చి, కలిపి కట్టింది. తెలంగాణలో బతుకమ్మ ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ. ఆ రోజు చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది చేసి బతుకమ్మల దగ్గరికి తీసుకుపోతారు, ఆట అయ్యాక పంచుకు తింటారు. కూలికి పోయేవాడి గిన్నెలో ఉన్నదీ సద్దే, పండగ పళ్లెంలో ఉన్నదీ సద్దే. ఒకే పేరు ఇంత దూరం ఎలా నడిచిందో చూడాలని నాకు కుతూహలం.

తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసిన సద్ది తిండి పోతన భాగవతంలో ఉంది. దశమ స్కంధంలో కృష్ణుడు, గోపబాలురు యమున ఒడ్డున ఇసుకలో గుండ్రంగా కూర్చుని, ఇళ్ల నుంచి తెచ్చుకున్న చల్దులు విప్పుతారు. ఒకడి దాంట్లోది ఇంకొకడు లాక్కుంటాడు, ఒకడు ఊరిస్తాడు, ఒకడు నవ్విస్తాడు. సంస్కృత మూలంలో కృష్ణుడి ఎడమ చేతిలో అన్నం ముద్ద, వేళ్ల సందుల్లో 'ఫలాలు' ఉంటాయి. పోతన ఆ ముద్దకి మీగడ పెరుగు కలిపి, వేళ్ల సందుల్లో ఊరగాయలు పెట్టాడు. ఒక్క మార్పుతో వ్రేపల్లె తెలుగు పల్లె అయిపోయింది. ఎండాకాలం పెరుగన్నంలోకి ఊరగాయ లేకపోతే ఎట్లా అని ఆయనకి తోచి ఉంటుంది.

ఆ సన్నివేశంలో ఇంకో సంగతి ఉంది. యజ్ఞాల్లో హవిస్సు అందుకునేవాడు పశువుల కాపరులతో కలిసి ఒకరి ఎంగిలి ఒకరు తింటుంటే దేవతలు ఆశ్చర్యంగా చూస్తుంటారు. బ్రహ్మ వచ్చి దూడల్ని, పిల్లల్ని మాయం చేసేది కూడా ఆ తిండి మధ్యలోనే. సద్ది విప్పిన చోట ఎవరు ఎవరితో తింటున్నారన్నది అప్పటికే చూసి ముక్కున వేలేసుకునే విషయం అన్నమాట.

ఈ కథకి మా వైపు ఒక చుట్టరికం ఉంది. 1514లో, ఏడాదిన్నర ముట్టడి తర్వాత, శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గం గెలిచాడు. గెలిచినవాడు బంగారంతో పాటు దేవుణ్ణి కూడా తీసుకుపోయాడు. ఉదయగిరి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, అక్కడ కట్టించిన కృష్ణాలయంలో 1515లో ప్రతిష్ఠించాడు. హంపి వెళ్లిన మీలో చాలామంది ఆ గుడి చూసే ఉంటారు. లోపలి దేవుడు మా ఉదయగిరి నుంచి వెళ్లినవాడని అక్కడ నిలబడినప్పుడు నాకూ తెలీదు. ఇప్పుడు ఆ విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది.

అదే రాయలు ఆముక్తమాల్యదలో వేసవి భోజనం ఎలా ఉండాలో రాశాడు. విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరులో దారిన పోయే వైష్ణవులకి కాలానికి తగినట్టు అన్నం పెడతాడు. వేసవిలో ముందు ఒంటికి చందనం. తర్వాత నులివెచ్చటి అన్నం, తియ్యటి చారు, పలుచటి అంబలి, చెరకురసం, ఎడనీళ్లు అంటే లేత కొబ్బరినీళ్లు, పళ్లు, వాసన వేసిన చల్లటి నీళ్లు, ఊరవేసిన మామిడి పిందెలు, నీళ్ల మజ్జిగ. ఐదువందల ఏళ్ల నాటి ఆ జాబితాలో నాకు నచ్చింది, వేడివేడిది ఒక్కటీ లేకపోవడం. ఎండలో నడిచి వచ్చినవాడికి పొగలు కక్కే అన్నం పెట్టకూడదని ఆ వంటింటికి తెలుసు. చక్రవర్తి కావ్యంలో అంబలి ఉండటం కూడా నాకు నచ్చింది. కాకపోతే అతిథికి అది చెరకురసం పక్కన ఉండే ఒక పానీయం. మా మెట్టలో చాలామందికి అదే భోజనం.

*

సద్ది నిలవ ఉండేలా చేసే పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. పులుపు, ఉప్పు, నూనె, పసుపు. వండిన అన్నంలో కూడా వేడికి చావని ఒక రకం బాక్టీరియా బీజాలు మిగిలిపోతాయి. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ మూతపెట్టి ఉంటే అవి మొలకెత్తి కడుపు పాడుచేస్తాయి. అందుకే పులిహోర చేసే వాళ్లెవరూ వేడి అన్నాన్ని కుండలోనే వదిలేయరు. పళ్లెంలోనో తాంబాళంలోనో పలుచగా ఆరబోసి, నూనె, పసుపు చల్లి, మెతుకు మెతుకూ విడిపోయాక పులుసు కలుపుతారు. చింతపండు పులుపు ఆ బీజాల ఆట కట్టిస్తుంది. నూనె మెతుకు చుట్టూ పట్టి తడి ఆరిపోకుండా కాస్తుంది. మా అవ్వకి బాక్టీరియా పేరు తెలీదు. "ఆవిరి పొయ్యేదాకా మూతెయ్యబాకు" అని మాత్రం తెలుసు.

పులి అంటే పులుపు, ఓగిరం అంటే అన్నం. తమిళంలో పుళియోదరై, కన్నడలో పుళియోగరె, మన దగ్గర పులిహోర. దధ్యోదనం అరిగి అరిగి దద్దోజనం అయింది. పేర్లు పాతవే కానీ లోపలి సరుకంతా పాతది కాదు. రాయలు రాసే నాటికి మిరపకాయ మన వంటల్లో ఇంకా కుదురుకోలేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిన పంట. అప్పటి కారం మిరియాలదే. పులిహోరలో మనం పోపు వేసే వేరుశనగ కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే. అంటే సంప్రదాయ వంట అని మనం మురిసిపోయే పులిహోర, ఎవరో ఎక్కడి నుంచో తెచ్చినదాన్ని కలుపుకుంటూ వచ్చిన వంట.

దద్దోజనంలో ఉన్న కిటుకు నాకు అవ్వ చెప్పేదాకా తెలీదు. పొద్దున పెరుగు కలిపి తీసుకుపోతే మధ్యాహ్నానికి పులిసి నోట్లో పెట్టలేం. అందుకని అన్నాన్ని మెత్తగా వండి, వేడిగా ఉన్నప్పుడే మెదిపి, కాచిన పాలు ధారాళంగా పోయాలి. గోరువెచ్చగా అయ్యాక ఒక చెంచాడు పెరుగు తోడు వేసి, ఉప్పు, అల్లం, పచ్చిమిరప, ఆవాల పోపు కలిపి గిన్నెకి ఎత్తాలి. ఎండ పెరిగేకొద్దీ గిన్నెలో పాలు తోడుకుంటాయి. విప్పే వేళకి కమ్మటి పెరుగన్నం. ఏ ఎండ మనల్ని మాడుస్తుందో ఆ ఎండ చేతే వంట పూర్తి చేయించడం అది. ఎన్ని గంటలకి విప్పుతామో తెలిస్తేనే ఎంత తోడు వేయాలో తెలుస్తుంది. "మద్దేనానికా, పొద్దుగూకా?" అని అవ్వ మొదట అడిగేది అదే.

ఇక నెల్లూరు చేపల పులుసు. రాత్రి చట్టిలో మామిడికాయ ముక్కలేసి చేసి పెట్టి, మర్నాడు తింటేనే దాని రుచి అని మా జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. పులుసు ముక్కలోకి దిగడానికి ఒక రాత్రి పడుతుంది. పెంచలకోనకి పోయేరోజు నీసు పనికిరాదు కాబట్టి అవ్వ దాన్ని ఆదివారానికి కేటాయించింది. "శనారం రాత్రి చేద్దాం. ఆదివారం పొద్దున ఒక్క పొంగు రానిచ్చి, మద్దేనం లోపల తినేయండి" అంది.

*

ప్రయాణాలు చేసినవాళ్లందరూ సద్ది కట్టుకోలేదు. 1830 మే 18న, నడి వేసవిలో, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. తిరుగు ప్రయాణం మా నెల్లూరు మీదుగానే. ఆయన కాశీయాత్ర చరిత్రలో ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో, ఎక్కడ నీళ్లు బాగుంటాయో శ్రద్ధగా రాసిపెట్టాడు. పెద్ద పరివారంతో, డేరాలతో పోయే మనిషికి మజిలీ చేరాక వంట మొదలవుతుంది. సరుకులు దొరికే ఊరి పేరు తెలిస్తే చాలు. ఆ పుస్తకం చదివినప్పుడల్లా నా చూపు ఆయన పల్లకీ మోసిన బోయీల వైపు పోతుంది. వంటమనిషి వెంట ఉన్నవాడికి సద్దితో పని లేదు. ఆ అవసరం మిగతావాళ్లది.

ఆ మిగతావాళ్ల సద్దిలో మా వైపు వరి చాలా అరుదు. రాగి సంగటి, జొన్నన్నం, సజ్జ రొట్టె, కొర్ర. రాత్రి మిగిలిన సంగటి ముద్దని నీళ్లలో వేసి ఉంచితే పొద్దుటికి కాస్త పులిసి చల్లగా ఉంటుంది. పిసికి మజ్జిగ పోస్తే అంబలి. పక్కన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, ఉంటే ఊరబిండి. రాజు గారి కావ్యంలో అంబలి చందనం తర్వాత వస్తుంది. చేనులో అది చెమట తర్వాత వస్తుంది.

అది కూడా లేని రోజులు ఉన్నాయి. 1876-78 కరువుని మన పెద్దలు ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ కరువు బాగా కొట్టిన జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ సలహా మీద కరువు పనుల్లో కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే నాలుగువందల యాభై గ్రాములు, పైన కొద్దిపాటి డబ్బు చాలని తేల్చారు. రోజంతా రాళ్లు కొట్టేవాడికి అది చాలదని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. పనిచేయలేని వాళ్లకి వండిన తిండి పెట్టే శిబిరాలు తెరిచారు. ఆకలి అంత ఉన్నా, వండినది ఎవరి చేయి అన్న ప్రశ్న అక్కడికీ వచ్చింది.

మా పడమటి పల్లెల సద్దిగిన్నెలోకి వరి బియ్యం రోజూ రావడం చాలా ఆలస్యంగా జరిగింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇవ్వడం ఒక మలుపు. పెన్న మీద సోమశిల ఆనకట్ట ఇంకో మలుపు. ఇప్పుడు దాని నిలవ సామర్థ్యం 78 టీఎంసీలు. మా అమ్మ తరం వాళ్లు సంగటి వదిలి అన్నానికి మారడాన్ని ఎదుగుదల అనుకున్నారు. మా తరం బెంగళూరులో రాగి మాల్ట్‌ని డబ్బాలో కొనుక్కుని ఆరోగ్యం అనుకుంటోంది.

*

శుక్రవారం రాత్రి చేరాం. భోజనాలయ్యాక వసారాలో కూర్చుని అవ్వని అడిగాను, వాళ్ల రోజుల్లో పెంచలకోనకి ఎలా పోయేవాళ్లని. పెంచలకోన రాపూరు వైపు, వెలిగొండల అడుగున ఉంటుంది. పెనుశిల నరసింహస్వామి, చెంచులక్ష్మి. బ్రహ్మోత్సవాలు వైశాఖంలో, అంటే సరిగ్గా మే నెల ఎండల్లో. మా పల్లెలకి తిరునాళ్లంటే అదే, పిక్నిక్ అంటే అదే.

"రెండు బండ్లు కట్టేవోళ్లు. పిల్లాజెల్లా కలిసి పాతికమంది. కోడి కూసేతలికి బయలెల్లాల. నేను మూడుగంటలకి లేసి పొయ్యి ముట్టించేదాన్ని. పుంతకట్టెలు పచ్చివైతే పొగ. పెద్ద డేగిసాడు పులిహోర, ఇంకో డేగిసాడు పెరుగన్నం. అరిటాకులు, నీళ్ల కుండ. బండెక్కినాక నిద్దరొచ్చేది. అందరూ పాటలు పాడుతుంటే నేను గంగాళం పట్టుకొని కూసోనే నిద్దరపోయ్యేదాన్ని" అని నవ్వింది.

"మీరెప్పుడు తినేవాళ్లు?"

"అందరికీ పెట్టినాకనే. అడుగున ఉండేది."

మా స్నేహితుల్లో ఒకమ్మాయిది ఆత్మకూరు వైపు పల్లె. అప్పటిదాకా వింటూ ఉంది. "చేల్లోకి కూడా మీరే తీసుకుపోయేవాళ్లా అవ్వా?" అని అడిగింది.

"పోయేదాన్ని. నాట్లప్పుడు నలభైమంది. గట్టు మీద దించి పెట్టేది."

"ఎలా పెట్టేవాళ్లు?"

అవ్వ వెంటనే చెప్పలేదు. "వాళ్ల ముంతలు వాళ్లు తెచ్చుకునేవోళ్లు. పైనించి పోసేది" అంది. ఇంకాసేపాగి, "అప్పుడట్ట ఉండె" అంది.

ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆ స్నేహితురాలి అవ్వ జీవితమంతా నాట్లకి, కలుపుకి కూలికి పోయిన మనిషి. మాలపల్లె. ముంత తీసుకుపోయిన మనిషి. ఈ సంగతి నాకు తెలుసు. బయల్దేరే ముందు ఫోన్‌లో మా అవ్వకీ చెప్పాను, ఎందుకు చెప్పానో నాకు సరిగ్గా తెలీదు. దాచిపెట్టి తీసుకుపోతున్నట్టు ఉండకూడదని కావచ్చు. అవ్వ "సరే, తీసకరా" అంది. అంతే.

సద్ది గురించి రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. అమ్మమ్మల చేతి రుచి, చద్దన్నం చలవ, తరాలనాటి జ్ఞానం. అవన్నీ నిజమే. కానీ ఒకే గట్టు మీద ఒకే డేగిసాలోని అన్నాన్ని రెండు రకాలుగా వడ్డించిన చరిత్ర కూడా అదే జ్ఞానంలో భాగం. ఇప్పుడు మన ఊళ్లలో కార్తీక మాసం వస్తే వనభోజనాల ఫ్లెక్సీలు కులం పేరుతో వెలుస్తాయి. ఉసిరి చెట్టు కింద ఎవరి పంక్తి వాళ్లది. ముంత ఇప్పుడు కనబడదు. కొలత అలాగే ఉంది.

మూడున్నరకి అలారం పెట్టుకుని లేచాను. అవ్వ అప్పటికే లేచి ఉంది. వంటింట్లో లైటు వెలుగుతోంది, గ్యాస్ పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పులుసు నిన్న రాత్రే చిక్కగా చేసి పెట్టింది. నన్ను చూసి, "నువ్వెందుకు లేసినావు, పోయి పడుకో" అంది. నేను సులువైన వంటలు అడిగినప్పుడు నా లెక్కలో ఈ వేళ లేదు. ముందే చేసి పెట్టుకోవడమంటే నా పనిని ఇంకొకరి తెల్లవారుజాముకి తోసేయడం అని అప్పుడు అర్థమైంది. ఆమె వయసు ఎనభై దాటింది.

కాసేపటికి నా స్నేహితురాలు కూడా లేచి వచ్చి వాకిలి దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. అవ్వ చూసింది. ఆరబోసిన అన్నం తాంబాళం మీద ఉంది, పక్కన దద్దోజనం గిన్నెలో అన్నం, పాలు.

"రామ్మా. నా చేతులు వణకతా ఉండాయి. నువ్వు కలుపు."

స్నేహితురాలు గరిటె కోసం చూసింది.

"గరిటెతో గాదు. ముద్ద ముద్దగా ఉండిపోతాది. చేత్తో మెదుపు."

ఆ అమ్మాయి చేతులు కడుక్కుని కూర్చుంది. నేను అల్లం తరిగాను. అవ్వ తోడు వేసింది. కిటికీ బయట ఇంకా చీకటిగానే ఉంది.

*

కోనలో పన్నెండున్నరకి డబ్బాలు విప్పాం. దద్దోజనం సరిగ్గా అప్పుడే తోడుకున్నట్టు ఉంది, పులుపు లేదు. పులిహోర మెతుకు మెతుకూ ఉప్పు, కారం పట్టి ఉన్నాయి. ఉదయగిరిలో చెక్కే చెంచాలు అవ్వ ఇంట్లో ఉంటే తెచ్చాను కానీ ఎవరూ వాడలేదు, అందరూ చేత్తోనే తిన్నారు. అందరం బాగుందన్నాం. ఫొటోలు తీశారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో స్నేహితురాలు మెల్లిగా అడిగింది. "మీ అవ్వకి తెలుసా, నేనెవరో?"

"తెలుసు. ముందే చెప్పాను."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఒక పొద్దుటిపూట అన్నం కలపడం వల్ల ఏదో సర్దుకుపోయిందని నేను అనుకోలేదు. ఆమె కూడా అనుకున్నట్టు లేదు.

ఆదివారం సోమశిలకి పోతూ వాళ్ల ఊళ్లో ఆగాం. చేపల పులుసు మా దగ్గర ఉంది, అందులోకి సంగటి వాళ్లవ్వ చేస్తానంది. మేం పోయేసరికి సంగటి ముద్దలు తడిగుడ్డలో చుట్టి, గిన్నెలో పెట్టి సిద్ధంగా ఉంచింది. ఊరబిండి విడిగా ఒక సీసాలో. ఎన్ని గంటలకి లేచావని నేను అడిగాను. "ఎప్పుడూ లేసే ఏళకే" అంది.

నీళ్లు తాగి వాకిట్లో కూర్చున్నాం. నిన్న పెంచలకోన పోయామని మనవరాలు చెప్పింది. నేను, "మీరు కూడా తిరునాళ్లకి పోయేవాళ్లా అవ్వా?" అన్నాను.

"పోకేం. ఏటేటా పోయేవోళ్లం. ఆసాముల బండ్లు ముందర పోతుండేవి. మేం ఎనకాల నడిచేవోళ్లం. రాత్రిపూట బండ్ల కింద లాంతర్లు ఊగతా కనబడేవి. ఆ ఎలుతురు చూసుకుంటా నడిచేది."

ఆ బండ్లలో ఒకదాంట్లో గంగాళం పట్టుకుని నిద్రపోతున్న కోడలు మా అవ్వ కావచ్చు, కాకపోవచ్చు. ఊళ్లు వేరు, దారి ఒకటే.

"మరి మీరేం తీసుకుపోయేవాళ్లు, తినడానికి?"

ఏం ప్రశ్న ఇది అన్నట్టు నా వైపు చూసింది.

"సద్దే గదమ్మా. ఇంకేముంటాది."